గాలి లేపలేని కప్పు

మా నాన్న వాడరేవు దగ్గర ఒక పల్లెలో పాస్టరు. నేను గుంటూరులో సివిల్ ఇంజనీరింగ్ చదివి, అక్కడే ఒక ఆఫీసులో అపార్ట్‌మెంట్లకు డిజైన్లు చేసేదాన్ని. ఒక తుఫానుకి మా చర్చి రేకులు లేచిపోయి సరుగుడు తోటలో పడ్డాయి. కొత్త చర్చికి ప్లాను గీయమని సంఘపెద్దలు నన్నే అడిగారు.

నాలుగు వైపులా వాలు ఉండే కప్పు గీశాను. కప్పు దూలాల నుంచి గోడల్లోగుండా పునాది దాకా ఇనుప పట్టీలు దిగుతాయి. పెద్దలు అన్నిటికీ సరేనన్నారు. పేచీ మా నాన్నతోనే వచ్చింది. కప్పును ముందుకు సాగదీసి వసారా కావాలన్నారు.

"గాలి కప్పుని తొయ్యదు నాన్నా, లేపుతుంది. చూరు అంత బయటికొస్తే దానికి పట్టు దొరికినట్టే."

"అయితే ఆరాధనలో పిల్లలేడిస్తే బయటికొచ్చే తల్లుల్ని ఎండలో కూర్చోబెట్టమంటావా?"

గుంటూరు బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. మరుసటి ఆదివారం ఇంకో బొమ్మ పట్టుకెళ్ళాను. వసారాకు వేరే స్తంభాలు, వేరే కప్పు. చర్చి కప్పుతో దానికి సంబంధం లేదు.

"పెద్ద గాలొస్తే ఇదొక్కటే పోతుంది," అన్నాను.

"పోవడానికి కట్టడమేంటమ్మా," అని నవ్వారు గానీ ఒప్పుకున్నారు.

చర్చి కట్టాక వచ్చిన మొదటి తుఫానుకి నేను ఊళ్ళోనే ఉన్నాను. సముద్రం పక్క ఇళ్ళవాళ్ళంతా పొద్దున్నే పిల్లాజెల్లాతో చర్చిలోకి వచ్చేశారు. మధ్యాహ్నానికి హోరు పెరిగి అరిస్తే తప్ప పక్కవాళ్ళ మాట వినపడలేదు. గోడకి వీపు ఆనించి అమ్మ పక్కన కూర్చున్నాను. నా లెక్కల్లో తప్పు లేదని నాకు తెలుసు. అదే కప్పు కింద మా అమ్మ కూర్చుంటుందని మాత్రం ఏ లెక్కలోనూ వేసుకోలేదు.

ఉన్నట్టుండి బయట ఫెళఫెళమని చప్పుడు. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఒకాయన చూసొస్తానని తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. నేను పరుగెత్తి అడ్డం నిలబడ్డాను.

"తీయొద్దు బాబాయ్. గాలి లోపలికొస్తే కప్పుని కిందనుంచి ఎత్తేస్తుంది."

ఆయన వెనక్కి తగ్గాడు. నాన్న ప్రార్థన ఆపి నా వైపు చూశారు.

"ఏం పోయిందమ్మా?"

"వసారా నాన్నా."

"మరి ఇది?"

"ఇది ఉంటుంది," అన్నాను. అంత ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు.

సాయంత్రానికి గాలి తగ్గింది. తలుపు తీసి అందరం బయటికొచ్చాం. వసారా రేకులు చేలో మడతలుపడి ఉన్నాయి. చర్చి కప్పు మీద ఒక్క రేకు కదల్లేదు. తలెత్తి చూస్తూ ఒక అవ్వ పాట ఎత్తుకుంది. బురదలోనే నిలబడి అందరూ అందుకున్నారు. నాకు ఏడుపొచ్చేసింది. నాన్న చర్చి చుట్టూ తిరిగి నాలుగు మూలలూ చేత్తో తడిమి చూసుకొచ్చారు.

"ఇంకో వసారా గీయమ్మా," అన్నారు.

తర్వాత వారం నుంచీ జాలర్లు తమ ఇళ్ళు చూసిపెట్టమని రావడం మొదలెట్టారు. నేను టేపు తీసేలోపే నాన్న వాళ్ళని కూర్చోబెట్టి, గాలి కప్పుని ఎలా లేపుతుందో రెండు చేతులూ ఎత్తి చెప్తూ ఉండేవారు.