కలబంద గుజ్జులో నేను కలిపిన మందు

జనగామ బస్టాండు వెనక సందులో నాకొక బ్యూటీ పార్లర్ ఉంది. ఒకటే గది, రెండు కుర్చీలు, గోడంత అద్దం. పెళ్లికూతుళ్లను తయారు చేసేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు మాత్రం నా లేపనాల కోసమే వచ్చేవారు.

జిడ్డు ముఖానికి ముల్తానీ మట్టి, వేపాకు పొడి, గులాబీ నీళ్లు. పొడిబారి పొట్టు లేచే చర్మానికి మీగడ, తేనె. ఎండకు కంది మండే ముఖానికి కలబంద గుజ్జు, కీరదోస రసం. కలబంద మట్టను కోయగానే గుజ్జు తీయకూడదు. కోసిన వైపు కిందికి నిలబెట్టి పసుపుపచ్చ జిగురంతా కారిపోనివ్వాలి. ఆ జిగురు తగిలితే దురద పుడుతుందని నా చేతుల మీదే నేర్చుకున్నాను. అంత జాగ్రత్తగల మనిషిని. అందుకే తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఒక ఎండాకాలం నా బుగ్గలు కందిపోయి ఏది రాసినా తగ్గలేదు. మందుల షాపుకు పోతే అక్కడి ఆయన ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టాడు. మంటకు, దురదకు, మచ్చలకు అన్నిటికీ పనిచేస్తుందని, అందరూ తీసుకుపోతున్నారని చెప్పాడు. రాసుకుని పడుకున్నాను. తెల్లవారేసరికి ఎరుపు లేదు, మంట లేదు. రంగు కూడా తేలినట్టు అనిపించింది. ట్యూబు మీద ఏం రాసి ఉందో చదవలేదు. క్రీము అంటే క్రీమే అనుకున్నాను.

ఆ తర్వాత నేను రోజూ అదే రాసుకుంటూ, దాన్ని కలబంద గుజ్జులో కలిపి చిన్న డబ్బాల్లో నింపడం మొదలుపెట్టాను. పాలకుర్తి నుంచి, దేవరుప్పుల నుంచి ఆడవాళ్లు ఆటోల్లో వచ్చి తీసుకుపోయేవారు. ఇందులో ఏముందని అడిగితే కలబంద అనేదాన్ని. అది అబద్ధం కాదు, కానీ మిగతా సగం చెప్పలేదు.

అట్లా వచ్చినవాళ్లలో మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన ఒకామె ఉంది. మిర్చి ఏరే పని చేసేది. చెమట పడితే అదే చేత్తో ముఖం తుడుచుకుని బుగ్గలన్నీ ఎర్రగా చేసుకుంది. జనగామలో అక్క ఇంటికి వచ్చినప్పుడు నా దగ్గరికి వచ్చింది. డబ్బా ఇచ్చాను. పది రోజులకు మళ్లీ వచ్చి, నాకోసం ఒక సంచీ ఎండుమిర్చి తెచ్చింది. అద్దంలో చూసుకుంటే తన ముఖం తనకే ముద్దొస్తోందని నవ్వింది. ఏడాదిన్నర పాటు ఆమెకు డబ్బా తర్వాత డబ్బా ఇచ్చాను. తర్వాత ఆమె భర్తకు భూపాలపల్లి బొగ్గు గనుల్లో కాంట్రాక్టు పని దొరికింది. వాళ్లు అక్కడికి వెళ్లిపోయారు. ఆమె రావడం ఆగిపోయింది. నేను కూడా మర్చిపోయాను.

పోయిన చలికాలం భూపాలపల్లిలో ఒక పెళ్లికూతురిని తయారు చేయడానికి వెళ్లాను. పని అయిపోయి సామాను సర్దుకుంటుంటే వెనక నుంచి ఎవరో "అక్కా" అన్నారు. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్న ఒకామె. గొంతు విన్నాక గుర్తుపట్టాను. ఆమె కొంగు తీసింది.

బుగ్గలు తోలు ఒలిచినట్టు ఎర్రగా ఉన్నాయి. వాటి మీద సన్నని నరాలు దారాల్లా పైకి కనిపిస్తున్నాయి. ముక్కు చుట్టూ చీముపొక్కులు. దవడల మీద మగవాళ్లకు వచ్చినట్టు నూగు వెంట్రుకలు. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"నీ డబ్బా అయిపోయినంక గిట్లయింది అక్కా. బంద్ చేసినప్పటి సంది ఒకటే మంట. ఒక్క డబ్బ ఉంటె ఇయ్యరాదు?"

నా బ్యాగులో మూడు డబ్బాలు ఉన్నాయి. చెయ్యి లోపలికి పోయింది కూడా. అంతలో ఆమె దవడ మీది నూగు మళ్లీ నా కంట పడింది. అలాంటి నూగే నా చెంపల మీద ఉంది. వయసు మీద పడుతోందనుకుని ప్రతి వారం దారంతో తీసుకుంటున్నాను. డబ్బాలు లేవని చెప్పాను. రేపు హనుమకొండలో చర్మం డాక్టరు దగ్గరికి పోదామని, నేనూ వస్తానని బతిమాలాను. క్రీము ఉండగా దవాఖాన ఎందుకని ఆమెకు అర్థం కాలేదు. అయినా నా మాట కాదనలేక వచ్చింది.

డాక్టరమ్మ ఆమె ముఖం చూసి నిమిషం కూడా కాకముందే ఏం రాస్తున్నారని అడిగింది. నేను బ్యాగులో దాచిన డబ్బానూ, నేను రాసుకునే ట్యూబునూ బల్ల మీద పెట్టాను. ఆమె ట్యూబు తిప్పి సన్నని అక్షరాలు చదివింది. అది స్టెరాయిడ్ అని, కొన్ని రోగాలకు డాక్టరు చెబితే కొద్ది రోజులు రాసేదని, ఏడాదిన్నర ముఖానికి రాస్తే చర్మం పల్చబడి దానికి అలవాటు పడిపోతుందని చెప్పింది. మంట తగ్గడం మందు గుణమే కానీ చర్మం బాగుపడటం కాదట.

"ఇది కలబందల కలిపిందెవరు?" అని అడిగింది.

"నేనే మేడం."

పక్కనున్న ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇంట్లో మనిషి దొంగతనం చేస్తూ దొరికితే చూసినట్టు చూసింది. అప్పటిదాకా తన ముఖానికి ఏమైందో ఆమెకు తెలియదు.

బస్టాండులో బస్సు వచ్చే ముందు అడిగింది.

"నీకు ఎరుకనేనా అక్కా?"

"ఎరుక లేదు చెల్లె. తెలుసుకోవాలె గద, తెలుసుకోలే."

ఆమె నా చెంపలను పరీక్షగా చూసి, "నువ్వు సుత రాసుకుంటున్నవు గద. నువ్వు సుత బంద్ పెట్టు, నాతోని" అంది.

ఆ రోజే మానేశాను. నాలుగో రోజుకు నా ముఖం నిప్పుల మీద పెట్టినట్టయింది. ఫ్యాను గాలి తగిలినా, అన్నం ఆవిరి తగిలినా ఓర్చుకోలేకపోయాను. ఇన్నేళ్లు ఊరందరి మంటలకు మందు చెప్పిన దాన్ని, ఫోన్ చేసి ఆమెనే ఏం చేయాలని అడిగాను. చల్లనీళ్లలో తడిపిన గుడ్డ పెట్టుకొమ్మని, గోకవద్దని, డాక్టరమ్మ రాసిచ్చిన ఆ ఒక్క క్రీము తప్ప కలబంద కూడా ముట్టవద్దని చెప్పింది. ఆ నెలలన్నీ పొద్దున లేవగానే ఒకరికొకరం ఫోన్ చేసుకుని ఇవాళ ఎట్లుందని అడిగేవాళ్లం.

పార్లర్‌లో మిగిలిన డబ్బాలన్నీ పారబోసి, నంబరు దొరికిన వాళ్లందరికీ జరిగింది చెప్పాను. ఒకామె ఏడ్చింది. ఒకామె నా మాట వినకుండా ఆ ట్యూబు పేరు చెప్పమని పట్టుబట్టింది. మందుల షాపాయన, నేనొక్కడినేనా అమ్మేది అని మొహం తిప్పుకున్నాడు.

ఎనిమిది నెలలకు ఆమె ముఖం చాలావరకు బాగుపడింది. ముక్కు పక్కన నరాలు మాత్రం పోలేదు, పోవని డాక్టరమ్మ ముందే చెప్పింది. మొన్న జనగామ వచ్చినప్పుడు పార్లర్‌కు వచ్చి, చాయ్ తాగి, జుట్టు కత్తిరించమంది. ముఖం మీద పడిన వెంట్రుకలు తుడవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే తుడుచుకుంది.

ఇప్పుడు నేను ఎవరి ముఖానికైనా ఏదీ కలపకుండా ఒక్క దినుసే రాస్తాను, అది కూడా ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు ఆగి చూస్తాను. కానీ ఆటోల్లో వచ్చి, డబ్బా తీసుకుని, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన ఆడవాళ్లు ఎందరో నాకు తెలియదు. బస్టాండులో కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి కనపడితే ఇప్పటికీ నా అడుగులు ఆగిపోతాయి.