హెస్టర్ కోసిన బల్ల

ఇంగ్లండులోని సఫోక్ పల్లెల్లో ఆర్చిడీకన్ రాకకి భయపడినంతగా గాలివానకి కూడా భయపడరు. బిషప్ గారి కింద నాలుగైదు వందల చర్చిలుంటాయి, ఆయనకున్నవి రెండే కళ్లు. అందుకే ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఆర్చిడీకన్. గుర్రమెక్కి వచ్చిన కాలం నుంచి మోరిస్ కారులో వచ్చే కాలం దాకా ఆయన పని ఒకటే: కప్పు కారుతోందా, వెండి గిన్నె పెట్టెలో ఉందా, చెప్పకుండా ఎవరైనా మేకు కొట్టారా అని చూడడం. మెల్డింగ్‌హమ్ అనే పల్లెలో అయితే చర్చి తూముల్లోని ఆకులు తీసేది ఆయన వచ్చే ముందు వారంలోనే.

ఆ ఊరి చర్చి బాగోగులు చూసే వార్డెన్ హెస్టర్ కెరిడ్జ్. భర్త ఆల్బర్ట్ ముప్ఫై ఏళ్లు చేసిన పని అది. ఆయన పోయాక ఊళ్లో మగవాళ్లంతా నేలచూపులు చూస్తుంటే ఈవిడ తీసుకుంది. మనిషి పొట్టి, నోరు పెద్దది. గబ్బిలాల రెట్ట కడగడం, గంట తాడుకు అతుకు వేయడం, ప్రసంగం పావుగంట దాటితే గట్టిగా దగ్గడం, అన్నీ ఆవిడే. ఎవరికీ జంకని మనిషి చట్టానికి మాత్రం జంకేది. "చర్చిలో చీపురు జాగా మార్చాలన్నా బిషప్ కోర్టు కాగితం కావాలే" అని ఆల్బర్ట్ అన్న మాట ఆవిడకు వేదవాక్కు.

కుట్టుపని చేసే విన్నీ థర్కెటిల్‌కి పోలియోతో కాళ్లు పడిపోయాయి. చక్రాల కుర్చీ నడవలో పెడితే అందరికీ అడ్డం. అందుకని ఆరేళ్లుగా ఆమె చోటు తలుపు పక్కన, లావుపాటి స్తంభం వెనక. పాటలు వినబడేవి, పాడేవాళ్లు కనబడేవారు కాదు. 1957 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆమె వేళ్లు చలికి నీలంగా మారడం హెస్టర్ చూసింది. అడిగితే బిషప్ కోర్టు ఎలాగూ ఒప్పుకోదనుకుని, మర్నాడు ఆల్బర్ట్ రంపం పట్టుకెళ్లి, ముందు నుంచి మూడో బల్లని కుర్చీ పట్టేంత మేర కోసేసింది.

మే నెలలో ఆర్చిడీకన్ ప్రశ్నల కాగితం వచ్చింది. అందులో ఒకటి: అనుమతి లేకుండా చర్చిలో ఏమైనా మార్చారా?

"లేదని రాసెయ్యమ్మా," ఆ చర్చి పాదిరి, రెక్టర్ గారు బతిమాలాడు. "ఆ చివర ఓ పెద్ద పూలకుండీ పెట్టేద్దాం."

"దాని వెనక విన్నీని కూడా దాచమంటారా?" అంది హెస్టర్. "మార్చాం. నేనే కోశాను" అని రాసి పంపింది.

రాసిందే గానీ ఆ నెలంతా ఆవిడకు కంటిమీద కునుకు లేదు. బల్ల ఎప్పటిలా పెట్టమన్నారంటే విన్నీ మళ్లీ స్తంభం వెనక్కే.

ఆర్చిడీకన్ పెల్లీ గారు వచ్చాడు. కర్రతో గోడలు తట్టి, వెండి లెక్క చూసి, మూడో బల్ల దగ్గర ఆగాడు.

"కోసింది మీరేనా?"

"నేనేనండీ. తిరిగి అతికించమంటే కుదరదు, ఆ ముక్క పొయ్యిలో పెట్టేశాను."

రెక్టర్ గారు కళ్లు మూసుకున్నాడు. ఆర్చిడీకన్ వంగి కోత మీద వేలు రాశాడు.

"నున్నగా చిత్రిక పట్టారే!"

"చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల కోసమండీ, చేతికి పేళ్లు గుచ్చుకోవూ మరి?"

"సరే. తప్పు తప్పే. జరిగినదానికి అనుమతి ఇమ్మని అర్జీ పెట్టండి, నేను సిఫారసు రాసి పంపుతాను. నోటీసు తలుపుకి కొన్నాళ్లు వేలాడుతుంది. ఎవరూ కాదనకపోతే చోటు ఆమెదే."

నెల రోజులుగా కూడబెట్టుకున్న వాదనలన్నీ హెస్టర్ నోట్లోనే ఉండిపోయాయి. "అంతేనా?"

"అంతే. ముందే ఎందుకు అడగలేదు? అడిగుంటే నెల తిరక్కుండా కాగితం వచ్చేది."

"ఆరేళ్ల కిందట అడిగినా?"

"ఎప్పుడడిగినా."

హెస్టర్ ఆ బల్ల మీదే కూలబడింది. అడగందే అమ్మయినా పెట్టదని ఊళ్లో పిల్లలందరికీ బుద్ధులు చెప్పిన నోరది. అడ్డం చట్టమనుకుంది. అడ్డం తనే.

టీ వేళకి విన్నీ ఇంటికి వెళ్లి గుమ్మంలోనే మొత్తం చెప్పేసింది. "నన్ను తిట్టవే పిల్లా! ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయాను. ఆరేళ్లు ఆ చలిలో కూచోబెట్టాను."

విన్నీ సూది పక్కన పెట్టింది.

"నేను మాత్రం అడిగానా అత్తా? అడిగితే ఆ తలుపు దగ్గర చోటు కూడా తీసేస్తారేమోనని భయమేసింది."