ధాన్యం బస్తా – రఫ్ టేపు

రాయగడకి టేపురికార్డర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మా అక్క పెళ్లి కుదిరింది. భోజనాల దగ్గర మగపెళ్లివారిని ఆటపట్టించే పాటలు ముందే టేపులో పట్టేద్దామని మా బాబాయి ఒక రికార్డరు ఎరువు తెచ్చాడు.

"ఇది రఫ్. తప్పులు సూసుకోడానికే, తరవాత సెరిపేత్తాను," అన్నాడు.

ఆ ధైర్యంతో మా మేనత్త పాట మధ్యలో ఆపి, "ఆ వియ్యపురాలు నడక సూసేవేటమ్మీ? ధాన్యం బస్తా దొర్లుకొచ్చినట్టు లేదూ!" అంది. పగలబడి నవ్వాం.

పెళ్లినాడు ముహూర్తానికి ముందు, బంతిలో అందరూ కూర్చున్నాక, బాబాయి తొందరలో, ఇంకా చెరపని ఆ రఫ్ టేపు చుట్టే ఎక్కించాడు. ధాన్యం బస్తా మాట పందిరంతా మోగింది. వియ్యపురాలు విస్తరి ముందునుంచి లేచింది. పెళ్లి పెటాకులే అనుకున్నాను.

బాబాయి కంగారుగా, "అది రఫ్ అండీ! అసలుది వేరే ఉందండీ!" అన్నాడు.

"రఫ్పే ఇలాగుంటే అసలుది ఇంకెలాగుంటాదో! అదీ ఎయ్యండి, ఇంటాను," అని ఆవిడ మళ్లీ కూర్చుంది. పందిరంతా నవ్వులే.

నోటిమాటకి రఫ్ ఉండదని ఆనాడే తెలిసింది. ఆవిడ సారెతోపాటు ఆ చుట్ట కూడా అడిగి వాళ్ల ఊరు గుణుపురం పట్టుకెళ్లింది. మేనత్త మాత్రం ఎన్నిసార్లు పిలిచినా అక్క కాపురం చూడ్డానికి వెళ్లనేలేదు.