వియ్యపురాలితో ఒకే పెనంలో

మా అమ్మాయి పెళ్లికి నేను వెళ్లలేదు. స్పెయిన్ దేశపు అబ్బాయిని చేసుకుంటానంది. వాళ్ల పద్ధతులు వేరు, మన పద్ధతులు వేరు అని నేను తమిళనాట మా కోవిల్‌పట్టిలోనే కూర్చున్నాను. రెండేళ్లు ఫోన్లో కూడా ముక్తసరిగానే మాట్లాడాను. పోయిన జూన్‌లో అమ్మాయే టికెట్ తీసి పంపితే, ఇక మనసు ఆగక వెళ్లాను.

వాళ్లుండేది అలికాంతే అని సముద్రం పక్క ఊరు. అప్పుడు అక్కడ నడివేసవి పండగ. వీధి మలుపుల్లో అట్టతో, కర్రతో మేడంత ఎత్తు బొమ్మలు నిలబెట్టారు. పండగ ఆఖరున వాటిని కాల్చేస్తారట. మధ్యాహ్నం ఊరి నడుమ టపాసులు పేల్చారు. మా ఊరి దగ్గర ఏళాయిరంపన్నైలో మా పెద్దమ్మ టపాసుల పనికి వెళ్లేది, మందు వాసన నాకు కొత్త కాదు. కాని మండే ఎండలో, వెలుగు కనబడకపోయినా చప్పుడు కోసమే పేల్చడం అక్కడే చూశాను.

అది అయ్యాక హోటల్‌కి బయలుదేరాం. అల్లుడి తల్లి అక్కడికే వస్తుంది. ఆమెను చూడడం అదే మొదలు. దారిలో అమ్మాయి నా కొంగు పట్టుకుని ఆపింది.

"అమ్మా, ఈ దినం మాత్రం మొగం ముడుచుకోవద్దు. అత్త నాలుగు దినాలుగా నిన్నే అడగతా ఉండాది."

"నేను ఏమంటానే? నోరు తెరిస్తే గదా."

"నువ్వు తెరవకుంటేనే నాకు బయం."

వీధిలోనే బల్లలు వేశారు. వియ్యపురాలు లేచి నా రెండు బుగ్గలకీ బుగ్గ ఆనించి పక్కన కూర్చోబెట్టుకుంది. రెండు చేటలంత వెడల్పు పెనం తెచ్చి నడుమ పెట్టారు. పచ్చటి అన్నం, కోడి ముక్కలు, చిక్కుళ్లు. పళ్లాలు వస్తాయని చూశాను, రాలేదు. ఎవరి ముందున్నది వాళ్లు అంచు నుంచి నడిమికి తినుకుంటూ పోవాలట. నోట్లో పెట్టిన చెంచా మళ్లీ పెనంలోకే!

మా ఇంట్లో గరిటె విస్తరికి తగిలితే మా అత్తగారు దాన్ని కడగనిదే కుండలో పెట్టనిచ్చేది కాదు. చెంచా పక్కన పెట్టబోయాను. అమ్మాయి నా వైపే చూస్తోంది. ఇప్పుడు వద్దంటే దాని పెళ్లికి రెండోసారి వెళ్లనట్టే. సరేనని నా వైపు తినసాగాను. ఆమె వైపుకీ నా వైపుకీ నడుమ నాలుగు వేళ్ల అన్నం తాకకుండా వదిలాను.

వియ్యపురాలు దాన్ని చూసి నవ్వుతూ ఏదో అంది.

"ఏమంటాదే?"

"నడాన గోడ కట్టినావంట. ఒక వాకిలన్నా పెట్టమంటాది."

అల్లుడు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. అంతలో వియ్యపురాలు తన వైపున్న కోడికాలు తన చెంచాతోనే నెట్టి, ఆ గోడ దాటించి నా ముందు పెట్టింది.

ఆ ముక్కనే చూస్తూ కూర్చున్నాను. చంటిదిగా ఉన్నప్పుడు ఈ పిల్ల ఉమ్మేసిన ముద్ద ఎన్నిసార్లు నా నోట్లో వేసుకోలేదు? ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన తిన్న పళ్లెంలోనే తిన్నాను. ఎంగిలి తినలేనిదాన్ని కాదు. మనవాళ్లు ఎంతవరకో గీత గీసుకున్నది నేనే. ఇక్కడ పిల్లకి జ్వరం వస్తే మూడు రోజులు తడిగుడ్డ వేసింది ఈమేనని అదే ఫోన్లో చెప్పింది.

తిన్నాను. అబద్ధమెందుకు, మొదటి ముక్క గొంతు దిగడం కష్టమే అయింది. తరువాత నా వైపు అడుగంటిన కరకరలాడే అన్నం గీకి, నా చెంచాతోనే ఆమె వైపు నెట్టాను. ఆమె ఏ ఆలోచనా లేకుండా తినేసి చెంచా నాకింది.

అప్పుడు మా అమ్మాయి తన చెంచా అందుకుంది. అంతవరకు దాని ముందున్న అన్నం ఒక్క మెతుకు కూడా కదలలేదు.