దానియేలు గారి బ్యాటరీ గది

మొన్న ఒక సోలార్ ప్లాంటు పక్కన కట్టిన బ్యాటరీ స్టేషన్ చూడటానికి వెళ్ళాను. లారీలంతేసి ఉక్కు పెట్టెలు వరసగా ఉన్నాయి. పగటి ఎండను వాటిలో దాచి, దీపాల వేళకు ఊళ్ళకు పంపుతారట. డీసీని ఏసీగా మార్చే యంత్రాల హోరు అరికాళ్ళకు తెలుస్తోంది. రిటైరైన ఇంజనీరునై ఉండీ తిరునాళ్ళకొచ్చిన పిల్లలా నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ హోరులోనే దానియేలు గారు గుర్తొచ్చారు.

ఎనభైల మొదట్లో నర్సీపట్నం సబ్‌స్టేషన్‌లో నేను కొత్తగా చేరిన ఇంజనీరుని. ఆయన బ్యాటరీ గది చూసే పాత ఆపరేటరు. ఆ గదిలో యాభై అయిదు సెల్లులు. ఛార్జరు ఏసీని డీసీగా మార్చి వాటిని నింపేది. ఎక్కడైనా లైను తెగిపడితే కరెంటు ఆపాల్సిన బ్రేకరుకి ఆ బ్యాటరీయే బలం. ఆయన రోజూ పొద్దున్నే ఒక్కొక్క సెల్లులో యాసిడ్ చిక్కదనం కొలిచి, గోడ మీద సుద్దముక్కతో రాసేవారు. అంత చాదస్తమేమిటండీ అని ఒకసారి నవ్వాను.

"నవ్వండమ్మా. ఇది ఏడాదంతా కూకునుంటాది, ఒక్క సెనం పనిసేస్తాది. ఆ సెనం మనకి సెప్పి రాదు" అన్నారు.

ఆ వేసవిలో ఆయన ఈస్టరుకి సెలవు పెట్టారు. సెల్లుల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. నేను తెలివి చూపించాను. నీళ్ళు కాచి, చల్లార్చి, గుడ్డతో వడకట్టి ఆరు సెల్లుల్లో పోయించాను. ఆయనకు చెప్పలేదు. రెండు నెలలకి ఆయన సుద్దముక్క పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఈ ఆరూ పడిపోతన్నాయమ్మా. ఏ నీల్లు పోసేరు?"

"కాచి చల్లార్చినవేనండీ. శుభ్రంగానే ఉన్నాయి."

"తాగడానికి శుభ్రవే. కాస్తే ఉప్పు ఎగిరిపోదమ్మా, ఇంకా సిక్కబడద్ది. ఒక్క సెల్లు సచ్చినా వరసంతా ఆగిపోద్ది."

సాయంత్రంలోగా ఆ ఆరింటినీ తప్పించి, మిగతా నలభై తొమ్మిదింటినీ కలిపేశారు. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం గాలివాన. ఉన్నట్టుండి దీపాలు గుడ్డివైపోయాయి, ఛార్జరు నీరసించింది. బ్రేకరు మాత్రం బ్యాటరీ బలంతో ఠప్పున తెరుచుకుంది. అర్ధగంటకి లైన్‌మన్ సైకిలు మీద తడిసి ముద్దయి వచ్చాడు.

"సంతలో జనం మీద తెగిపడిందండి తీగ! ఎవులికీ ఏటీ కాలేదు."

కూర్చుని ఏడ్చేశాను. దానియేలు గారు లాగ్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు.

"ఆ నీల్ల సంగతి రాసీయండమ్మా. రేపొచ్చినోలికి తెలవాలి."

"ఉద్యోగం పోతుందేమోనండీ."

"పోతే పోద్ది. మనుసులు బతికున్నారు కదా."

రాశాను. ఉద్యోగం పోలేదు, మెమో వచ్చింది. ఆ తరువాత సర్వీసంతా నా తప్పు నేనే ముందు రాసుకున్నాను. ఆ రోజు సంత నుంచి కూరగాయలు పట్టుకుని ఇళ్ళకు పోయినవాళ్ళలో ఒక్కరికీ దానియేలు గారి పేరు తెలియదు. వాళ్ళను చావుకి ఎంత దగ్గరగా తీసుకెళ్ళానో నాకు తెలుసు.