ఎడమచేతి దండం

మొన్న మంగళవారం పొద్దున షిఫ్టు దిగేసరికి హుజూరాబాద్ నుంచి కబురు వచ్చింది, మా సారు పోయారని. గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో నా పని. చేతిలోని దీపాన్ని బల్ల మీద పెట్టి బయల్దేరాను. నాకున్నది ఆ ఒక్క చెయ్యే, ఎడమది. కుడిది మోచేతి కింద నుంచి పట్టాల మీద బొగ్గు మోసే టబ్బుల మధ్య నలిగిపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. అవిటివాళ్లకు సాయమంటే ఒక పూట అన్నం పెట్టడమే అనుకునే రోజులు. మాలాంటి వాళ్లకు పని నేర్పి కొలువులో నిలబెట్టాలని సర్కారు కరీంనగర్‌లో ఒక శిక్షణ కేంద్రం తెరిచింది. అక్కడ సారు మా గురువు. మొదటి రోజు ఆయన ఎదుట బిక్కచచ్చిపోయాను. ఎడమ చేత్తో దండం పెడితే తిట్టినట్టే కదా మనవైపు! ఆయనే ఎడమ చెయ్యి నుదుటికి ఎత్తి నాకు దండం పెట్టారు. ఆ రోజు నుంచి ఎప్పుడు కలిసినా అంతే, ముందు లేచేది ఆయన చెయ్యే.

పని చెప్పే ముందు తన కుడిచేతిని తువ్వాలతో నడుముకు కట్టేసుకునేవారు. "నేను చెయ్యంది నీకెట్ల చెప్తరా?" అనేవారు. గని దీపాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి మూత తిప్పడం ముందు తనే చేసి, చెయ్యి జారి, తన్ను తానే తిట్టుకుని, మళ్లీ చేసేవారు. కోపిష్టి మనిషి. "అయ్యో పాపం" అన్నవాణ్ణి గడప దాటనిచ్చేవారు కాదు.

గనివాళ్లు నాకు పరీక్ష పెట్టిన రోజు సారు కూడా వచ్చి బల్ల అవతల నిలబడ్డారు. షిఫ్టు కూత పడేలోగా ఎవరి సాయం లేకుండా పది దీపాలు తుడిచి మూతలు బిగించాలి.

"మూత వదులైతే గని లోపల గ్యాసు అంటుకుంటుంది. ఒక్కటి తప్పినా నువ్వు ఇంటికే," అన్నాడు ఆఫీసరు.

ఆ కొలువు రాకపోతే మా పొయ్యి మీద ఎసరు లేదు.

తొమ్మిది బిగించాను. పదోది జారి, దొర్లుకుంటూ బల్ల అంచుకు, సరిగ్గా సారు ముందుకు పోయింది. చెయ్యి చాపితే ఆయనకు అందుతుంది. చాపితే నా కొలువు పోతుంది. లేవబోయిన కుడిచేతిని ఆయన గబుక్కున వీపు వెనక్కి పెట్టుకున్నారు. ముఖమంతా చెమట.

"నీదేరా," అన్నారు మెల్లగా.

మొండి చేత్తో దాన్ని ఆపాను. మోకాళ్ల మధ్య ఇరికించి బిగించాను. అప్పుడే కూత పడింది. ఆఫీసరు పది మూతలూ గుంజి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. బయటికొచ్చాక సారు గోడ పక్కన కూలబడ్డారు.

"జర నీళ్లు తాపురా. నా పానం పోయింది."

మొన్న నేను హుజూరాబాద్ చేరేసరికి సారును వాకిట్లో పడుకోబెట్టారు. అందరూ చివరిసారిగా ఆయన నోట్లో బియ్యం వేస్తున్నారు. నేను ఎడమ చేత్తో గింజలు తీసుకోగానే ఒక పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఎడమ చేత్తోనా? గంత తెల్వదా నీకు?"

సారు భార్య తలెత్తింది.

"ఇడిసిపెట్టుండ్రి. గా చెయ్యిని తయారు చేసింది ఆయననే."

పెద్దాయన వదిలేశాడు. బియ్యం వేసి, అదే చేతిని నుదుటికి ఎత్తాను. ఎప్పుడూ నాకన్నా ముందే లేచే సారు చెయ్యి ఈసారి లేవలేదు.