ఆ మాట అన్నాక ఏం చేశాడు?

మా ఇంగ్లీషు మేడం పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను షోరూమ్‌లో మేనేజర్ గది బయట నిలబడి ఉన్నాను. అతను పిలిచాడు. ఎందుకో తెలుసు. నా ఇఖామా గడువు దగ్గర పడింది, కంపెనీ తరఫున సంతకం పెట్టేది అతనే. ఆ సంతకం పడకపోతే ఈ అరబ్బు దేశంలో ఉండడానికి నాకు కాగితం ఉండదు. చేతిలో ఫోన్ అదిరింది. శుక్రవారం క్లాసు గ్రూపులో మేడం కొడుకు మెసేజ్. "అమ్మ ఈ ఉదయం ఆసుపత్రిలో కన్నుమూశారు." చదవగానే ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఈ తలుపు తోసుకుని లోపలికి ఎలా వెళ్ళాలో నాకు నేర్పుతున్న మనిషి పాఠం మధ్యలోనే వెళ్ళిపోయారు.

మేడంది కోనసీమ. ఇక్కడ ఒక స్కూల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, రిటైరయ్యాక ఫహాహీల్‌లో కొడుకు ఇంట్లో ఉండేవారు. శుక్రవారం సాయంత్రాలు ఆ ఇంటి హాల్లో మాలాంటి ఆడవాళ్ళకి నోరు తెరిచి మాట్లాడడం నేర్పేవారు. పాఠం మొదలవగానే ఏసీ కట్టేసేవారు. బయట ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి అదెంత సాహసమో చెప్పక్కర్లేదు. "ఆ మోత చాటున దాక్కుని గొణుగుతున్నారర్రా మీరు. ఇప్పుడు మాట్లాడండి, వింటాను" అనేవారు. పమిట చెంగుతో విసురుకుంటూ మా తప్పుల ఇంగ్లీషంతా ఓపిగ్గా వినేవారు. ఎవరి పేరునీ కుదించి పిలిచేవారు కాదు. మెయ్ అనే చైనా అమ్మాయి పేరు సరిగ్గా పలకడానికి, ఆ అమ్మాయి చేతే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నేర్చుకున్నారు.

మెయ్‌ని క్లాసుకి తీసుకెళ్ళింది నేనే. అల్ రాయ్‌లోని మా షోరూమ్‌లో అమ్మేవి చైనా కార్లు. విడిభాగాల పని చూడడానికి ఆ దేశం నుంచి వచ్చింది మెయ్, నా పక్క సీటే. ఒక శుక్రవారం తన ఫోన్ మేడం ముందుకి జరిపింది.

"టీచర్, స్వీట్‌హార్ట్ అంటే ఏంటి? మా డిక్షనరీలో ప్రియురాలు అని ఉంది. మా మేనేజర్ నాకు అలా రాస్తున్నాడు."

నాకూ అలాగే రాస్తున్నాడని అప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు.

"మీ భాషలో ఇలాంటి మాట లేదా?" అన్నారు మేడం.

"ఉంది. మొగుడూ పెళ్ళాలూ అనుకుంటారు. ఆన్‌లైన్లో చెప్పులమ్మేవాళ్ళు కూడా కొనేవాళ్ళని ఇంచుమించు అలాగే పిలుస్తారు. అందుకే మొదట్లో ఈయన నాకు చెప్పులమ్ముతాడేమో అనుకున్నా."

హాలంతా నవ్వులు. మేడం కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, తర్వాత ఆమె వైపు కుర్చీ జరుపుకున్నారు.

"చూడమ్మా. ఆసుపత్రిలో ముసలి నర్సు స్వీట్‌హార్ట్ అంటూ సూది గుచ్చుతుంది. తల్లి బిడ్డని అంటుంది. ఇక్కడ బకాలా కిరాణా కొట్టువాడు హబీబీ, నా ప్రియా అంటూ చిల్లర చేతిలో పెడతాడు. అవన్నీ మంచివే. నువ్వు డిక్షనరీ మూసెయ్యి. ఆ మాట అన్నాక ఏం చేశాడో అది చెప్పు."

మెయ్ వేలు ఫోన్ మీద ఆగిపోయింది. "అందరూ వెళ్ళాక ఉండమన్నాడు."

నేనేమీ అనకుండానే మేడం నా వైపు తిరిగారు. "నీకో?"

"నాకూ అంతే మేడం. భయమైతాంది. ఇఖామా ఆయప్ప చేతిలో ఉండాది."

"అయితే అది ముద్దుమాట కాదే తల్లీ. గాలానికి గుచ్చిన ఎర."

ఆ వారం నుంచి పాఠం మారిపోయింది. మేడం బల్ల వెనక కూర్చుని తనే మేనేజర్ అయ్యేవారు. ఎదురుగా నిలబడి మేం మూడు ముక్కలు చెప్పాలి. నన్ను పేరు పెట్టి పిలవండి. తలుపు తెరిచే ఉంచండి. పని సంగతులు పని వేళల్లోనే మాట్లాడదాం. మొదటిరోజు అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు ముక్కు మీదికి దించి, గొంతు మెత్తగా చేసి, "కూర్చో స్వీట్‌హార్ట్, నీ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి కదా" అనేసరికి మా నవ్వులు ఆగిపోయాయి. అంత పెద్దావిడకి ఆ వేషం అంత బాగా ఎక్కడ పట్టుబడిందో నేనెప్పుడూ అడగలేదు.

మెయ్ రెండు వారాల్లో మేడం బల్ల ముందు తడుముకోకుండా చెప్పేసింది. నేను మాత్రం రెండో ముక్క దగ్గరే ఆగిపోయేదాన్ని.

"ఫోన్లో మీ అమ్మ మీద అరుస్తావుగా, ఆ గొంతేదే?" అని దెప్పేవారు.

"ధైర్యం వచ్చినాక చెప్తా మేడం."

"అది రాదే పిల్లా. నాకే ఇంతవరకూ రాలేదు. వణుకుతూనే చెప్పు. గొంతు వణికినా మాట మాటే."

చివరిసారి ఆసుపత్రిలో చూశాను. నన్ను చూడగానే ఆక్సిజన్ మాస్క్ పక్కకి లాగి, ఆ మేనేజర్ గొంతుతో "కూర్చో" అన్నారు. నర్సు కసిరింది. నేను నవ్వుతూ మొదలుపెట్టి, రెండో ముక్క దగ్గర ఏడ్చేశాను. మేడం నా చెయ్యి తట్టి, "సరే, వచ్చేవారం చెబుదువుగాని" అన్నారు.

ఆ వచ్చేవారంలోనే ఈ కబురు. ఫోన్ జేబులో పెట్టుకుని తలుపు తోశాను.

"రా స్వీట్‌హార్ట్. తలుపు వెయ్యి."

వెయ్యలేదు. మూడు ముక్కలూ చెప్పాను. కీచుగా, వణుకుతూ, బయటిదాకా వినపడేలా చెప్పాను. అతను "నీ కాగితాల సంగతి తర్వాత చూస్తా. యల్లా, వెళ్ళు" అన్నాడు.

ఇది రాస్తున్న ఈ రోజుకీ ఆ సంతకం పడలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. మేడంని పెట్టెలో కోనసీమకి పంపేశారు. ఇప్పుడేం చెయ్యాలో అడగడానికి ఆ హాల్లో ఎవరూ లేరు. ఆవిడ నా భయం పోగొట్టలేదు. అది ఉండగానే నోరు ఎలా తెరవాలో చూపించారు.

ఆ రోజు వెళ్ళమనగానే వెనక్కి తిరిగాను. తెరిచి ఉన్న తలుపులోంచి షోరూమంతా కనిపించింది. కంప్యూటర్ల మీంచి తలలన్నీ లేచి ఉన్నాయి. వాటి మధ్య మెయ్ ఒక్కతే లేచి నిలబడి ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నేను నడిచి వచ్చి నా సీట్లో కూర్చునేదాకా తను కూర్చోలేదు.